తరుగు

రెక్కలు ముందే కోసేశారు,
రోడ్డు మీద పట్టవని.
మిగతా ఆంటొనోవ్ మూడు లారీల్లో వచ్చింది
తోక్‌మోక్ పాతసామాన్ల దొడ్డికి.

జిపార్కుల్ కళ్ళద్దాలు తుడుచుకుని
కాటాని సున్నాకి తెచ్చింది.
కిలో ధర నిన్ననే ఖాయమైంది.
మట్టికీ పెయింటుకీ తరుగు, నూటికి నాలుగు.

"ఏం మోసేదక్కా ఇది?"
రంపం ఆపి అడిగాడు ఎసెన్.
పిండి బస్తాలు, గుడారాలు, కుర్రాళ్ళు, అంది.
అటూ ఇటూ, అనలేదు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో
ఇలాంటిదే ఒకటి, ఇదే కావచ్చు,
వెనక తలుపులు లోపలికి మడుచుకుని
మంచులో నిలబడింది.
తమ్ముడు తాలాయ్ జింకు పెట్టెలో దిగాడు.
పెట్టెకో చిన్న అద్దం.
దానికీ రంగు పూసేశారు.
ఆరుగురు మోశారు. బరువెంతో ఎవరూ చెప్పలేదు.
అమ్మ మాత్రం, ముట్టుకోకుండానే,
"చిక్కిపోయాడు" అంది.

తలుపు కాటా ఎక్కింది.
తొంభై ఆరు కిలోలు.
జిపార్కుల్ తొంభై ఆరే రాసింది,
తరుగు తీయలేదు.

ఇదంతా కొలిమికి పోతుంది.
చలికాలానికి సత్తుగిన్నెలై
ఎవరి పొయ్యి మీదో పాలు పొంగిస్తుంది.

దొడ్డి మూసేముందు
అరచెయ్యంత ముక్కొకటి కోటు జేబులో వేసుకుని
మళ్ళీ లోపలికెళ్ళింది.
చిట్టా తెరిచి, రెండువందల గ్రాములు
తన పద్దులో రాసుకుంది.