వెనక పూత

మనామా పాత బజార్లో, అత్తరు దుకాణం మీద గది.
ఏసీ ఉంది, వెయ్యం.
గాలి కదిలితే మీనా పొడి లేస్తుంది,
ఆగస్టులో కూడా మాకు చెమటే.

పదకొండేళ్లుగా నా పని రేకు వెనకవైపు.
ముందువైపు ఉస్తాద్ బెహ్రూజ్ వేసే పడవలు, ఖర్జూర తోటలు.
వెనక నేను మెత్తే బూడిదరంగు గాజు.
అది లేకపోతే పొయ్యిలో రేకు అప్పడంలా లేచి
బొమ్మ పుటుక్కున చిట్లుతుంది.
మూత బిగించాక దాన్నెవరూ చూడరు.
నేనూ చూడను. రిజిస్టర్లో రాసుకుంటానంతే.

కరీంనగర్లో మా తాత వెండితీగ అల్లేవాడు.
నాకు తీగ రాలేదు,
నిప్పు రంగు చూసి వేడి చెప్పడం వచ్చింది.
దానిమ్మ గింజ, మోదుగ పువ్వు,
ఆ తర్వాత పండు నారింజ.
అక్కడ రేకు పెట్టాలి,
నలభై లెక్కపెట్టేలోపు తియ్యాలి.

రంజాన్ తర్వాత ముహర్రఖ్ నుంచి ఒక పెద్దాయన
బంగారు జేబు గడియారం తెచ్చాడు.
మూత మీద సముద్రం కావాలన్నాడు,
తాడు పట్టుకుని ముత్యాలకు దిగే మనిషి కావాలన్నాడు.
"మా తాత. ఫొటో లేదు."
గడియారం మాత్రం తాతది కాదట.
చచ్చేదాకా ఆయన్ని అప్పులో ఉంచిన
నఖుదాది, ఆ పడవ యజమానిది.
వేలంలో కొన్నాడు.

నాలుగు కాల్పులకు సముద్రం కుదిరింది.
తాడు అంచుదాకా వెళ్లి ఆగింది,
పైనుంచి లాగేవాడికి చోటు లేదు.
ముఖం దగ్గర ఉస్తాద్ చెయ్యి వణికింది.
కుంచె నావైపు తోశాడు,
మూడంటే మూడు ఉడుత వెంట్రుకలు.

"ఎవరి ముఖం వెయ్యను?"
"ముక్కుకు బిగింపు పెట్టుకున్నవాడికి ముఖమేంటి?
బుగ్గలు వెయ్యి. ఊపిరంతా అక్కడే ఉంటుంది."

ఆవగింజలో సగం చోటు.
శ్వాస వదిలితే గీత పక్కకు పోతుంది.
బిగబట్టాను.
మూసిన కళ్లకు రెండు నల్లచుక్కలు పెట్టి
వదిలేసరికి చెవుల్లో హోరు.
"ముప్పై ఆరు సెకన్లు," అన్నాడు ఉస్తాద్, నవ్వకుండా.

పొయ్యిలో అన్నీ ఒకే ఎరుపు,
నీళ్లూ తాడూ మనిషీ.
బయటికి తీశాక ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.
ముందు తెరచాప తెలుపు,
ఎంతకూ రాని నీలం,
నీలం వచ్చాక అందులో
బుగ్గలు పూరించుకుని అతను.

పెద్దాయన భూతద్దంలో చాలాసేపు చూశాడు.
ఒకసారి రేకు తిప్పి
వెనక పూత మీద బొటనవేలు రాశాడు.
ఏమిటని అడగలేదు.

మూత బిగించాం.
గడియారం ఎప్పుడో మూడూ నలభైకి ఆగిపోయి ఉంది.
చావి తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"అది నఖుదా టైము. ఉండనీ."