మీ ఇంట్లో గురువారం భోజనం

ఎర్మెలిందా అంది గదా
"గురువారం మూడింటికి మీ ఇంట్లో భోజనం, మర్చిపోకు" అని.
నా స్పానిష్‌కి అప్పటికి పదకొండు రోజుల వయసు.
మీ ఇల్లంటే నా ఇల్లే అనుకున్నాను.
ఇల్లంటే ఏముంది,
రొట్టెల దుకాణం మీద ఒక గది, ఒక కిటికీ,
ఒంటి పొయ్యి.

బుధవారం సంతలో చింతపండనుకుని కొన్నాను.
పంచదారా కారం అద్ది
పిల్లలకి మిఠాయిగా అమ్ముతున్నారు దాన్ని.
కడిగాను. మళ్ళీ కడిగాను.
తీపి వదిలింది గానీ కారం నాతోనే ఉంటానంది.
పులిహోర కలిపాను, ఆవాలు లేకుండానే.
ఎదురు వాటా వాళ్ళ దగ్గర
సైగలు చేసి రెండు కుర్చీలు అడిగి తెచ్చాను.

మూడయింది. నాలుగయింది.
కింద గ్యాసు బండి
గొలుసులు ఈడ్చుకుంటూ వీధి చివరిదాకా పోయింది.
నీళ్ళ క్యాన్ల కుర్రాడు
"ఆగ్వా"లో ఆఖరి అక్షరాన్ని కొండమీదికి ఎక్కించి వదిలాడు.
ఎవరి అడుగూ నా మెట్లెక్కలేదు.
ఐదింటికి ఒక్కదాన్నే తిన్నాను, కోపంగా.
కోపంతో తింటే ఉప్పు తెలీదు.

మర్నాడు లైబ్రరీలో
చెంపకి చెంప ఆనించి గాలిని ముద్దు పెట్టుకుని
"రాలేదేం నువ్వు?" అంది.
"ఐదింటిదాకా మోలే వేడిచేస్తూనే ఉన్నాను."

ఇక్కడ తమ ఇంటిని మీ ఇల్లు అంటారట.
చిరునామా కూడా అలాగే చెబుతారు,
మీ ఇల్లు చర్చి వెనక, నీలం గేటు, అని.
ఆ రాత్రి వేళ్ళు మడిచాను.
పోస్టాఫీసు ఆయన,
నా పన్ను పీకిన డాక్టరమ్మ,
బస్సులో కోడిపుంజుతో కూర్చున్న తాతగారు...
ఈ ఊళ్ళో నాకు ఆరిళ్ళు తేలాయి,
అద్దె కట్టేది ఒక్కదానికే.

చదవడం నేర్పడానికి వచ్చాను నేను.
పేరు పెట్టి పిలిస్తే యరెత్సీ "మాందే?" అంటుంది.
ఆజ్ఞాపించండి, అని నిఘంటువు.
ఏడేళ్ళ పిల్ల ఆజ్ఞాపించమంటే
చేతిలో బొమ్మల పుస్తకం బరువెక్కింది.
తర్వాతెప్పుడో తెలిసింది,
అది మన "ఆఁ?" లాంటిదే,
కాకపోతే తల దువ్వుకుని వచ్చిన ఆఁ.

ఇక ఫిదెన్సియో గారు.
లైబ్రరీ కప్పు మీద నీళ్ళ టాంకు కారుతోందంటే
"అవోరిత" అన్నాడు.
ఇప్పుడే అని దానర్థం,
ఇప్పుడుని ఒళ్ళో కూచోబెట్టుకుని ముద్దుగా పిలిస్తే వచ్చే మాట.
ఆ బుల్లి ఇప్పుడు మూడు వారాలు సాగింది.
బకెట్టు కింద బకెట్టు పెట్టాను.
కోపం రావాలి. వచ్చింది కూడా.
కానీ "వెళ్ళొస్తా" అని రెండు సముద్రాలు దాటిన నోరు నాది,
దుప్పటి కిందినుంచి ఫోనులో
"ఇదిగో బయల్దేరా" అనే నోరు.
ఎవర్ని ఏమనను?

మళ్ళీ గురువారం.
ఈసారి పిలిచింది నేను.
"మీ ఇంట్లో భోజనం" అన్నాను ఎర్మెలిందాతో,
నాలుక తడబడింది గానీ సిగ్గు తడబడలేదు.
తిన్నగా నా గదికే వచ్చింది,
గుడ్డలో చుట్టిన మొక్కజొన్న రొట్టెలతో.
ఆమె వెనక మెట్లమీద ఫిదెన్సియో,
ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో పానా.
పులిహోర మీద ఇంకో నిమ్మచెక్క పిండాడు.
ఆపబోయాను.
దానిమీద కారప్పొడి చల్లాడు.
కళ్ళు మూసుకున్నాను.
తర్వాత నా పళ్ళెంలోనూ పిండమని జరిపాను.

"మరి టాంకు?" అన్నాను.
నోటినిండా అన్నంతో
"అవోరిత."
పానా అయితే తెచ్చాడు గదా,
బల్లమీద చెంచా పక్కన పెట్టుకున్నాడు.

కుర్చీల వాళ్ళు కుర్చీల కోసం వచ్చారు.
తినేవాళ్ళని చూస్తే ఈ దేశంలో ఎవరైనా అనే మాట,
"ప్రొవేచో" అన్నారు గుమ్మంలోంచి.
కూర్చోమన్నాను వాళ్ళనీ.
దేనిమీద అని
ఎవరూ అడగలేదు.