లాకుల మనిషి కడుపు

నాలుగు వేల ఎకరాలకి నీళ్ళొదిలేది నేనేనండి.
గ్రీజు పూసిన మర, సైకిలు చక్రమంత చక్రం,
పొద్దున్న ఆరింటికి రెండు చుట్లు, సాయంత్రం ఒకటిన్నర.
శివారు దాకా పొలాలన్నీ నా రెట్టల మీదే తాగుతాయి.
నా కడుపు మాత్రం
మూడేళ్ళుగా తలుపు తియ్యదు.

చెబితే నవ్వుతారు. నవ్వండి.
చెల్లాయమ్మ కూడా ముందు నవ్వింది, తర్వాత వాము వేయించింది,
తర్వాత కరక్కాయ, ఆ తర్వాత ఆముదం,
ఆఖరికి ఏమీ అనకుండా
నా కంచంలో కూర తగ్గించడం మొదలెట్టింది.
పనసపొట్టు మానేశాను. పెసరట్టు మానేశాను.
పులస దొరికిన రోజుల్లో
పక్కింటి పులుసు వాసన పీల్చి పడుకున్నాను.

బొడ్డు జారిందంది మా మేనత్త.
పొట్ట మీద ప్రమిద వెలిగించి చెంబు బోర్లించింది.
చెంబు పట్టుకుంది, ఊడింది,
కడుపు అలాగే ఉంది,
వేసవిలో కట్టేసిన కాలవలా.

పాలకొల్లులో ఎరువుల కొట్టు మీద మేడ.
బోర్డు మీద ఆస్టియోపతి అని ఉంది.
కూడబలుక్కుని చదివి ఏదో మందు పేరనుకున్నాను.
మందే లేదట.
హెప్సిబా గారు పొట్టి మనిషి.
చేతి గడియారం తీసి పక్కన పెట్టి, ముందు ప్రశ్నలు:
రక్తం పడుతోందా, బరువు తగ్గారా,
స్కానింగు కాగితం ఏదీ?
కాగితం కిటికీ వెలుతురుకి పట్టి చూసింది.
"భయపడేదేం కనబడలేదు. తగ్గుతుందని మాటివ్వను.
కొందరికి తేలికపడుతుంది. చూద్దాం, పడుకోండి."

పొట్ట పిసుకుతుందనుకున్నాను.
నడుం కింద చెయ్యి దూర్చింది,
తర్వాత డొక్కల అంచున వేళ్ళు.
నొక్కడం కాదండీ అది, ఆగడం.
నేను కాలవలో కర్ర దించి మట్టం చూస్తానే, అలాగ.
కింద యూరియా బస్తాలు దభీదభీమని దించుతున్నారు,
మందుల కంపు మెట్లెక్కి వస్తోంది.
ఆవిడ వేళ్ళు కదల్లేదు.

"ఊపిరి ఇక్కడిదాకా రావట్లేదు.
ఎప్పట్నుంచి ఆపేశారు?"
ఊపిరి ఆపితే పోమా తల్లీ,
అన్నాను గానీ

గుర్తొచ్చింది.
వంతుల ఏడాది. శివారు రైతులు అర్ధరాత్రి
టార్చిలైట్లు వేసుకుని వచ్చారు.
పైవాళ్ళు అప్పటికే గట్టు మీద కూర్చునున్నారు.
మధ్యలో నేను, చక్రం పట్టుకుని.
ఒకడు, పేరు చెప్పను, మావాడే,
పార మొన నా బొడ్డుకి ఆనించి "తిప్పు" అన్నాడు.
వెనక నుంచి ఇంకోడు "తిప్పి చూడు" అన్నాడు.
పొట్ట లోపలికి లాక్కున్నాను,
ఇనుముకీ చర్మానికీ మధ్య
వేలెడు జాగా కోసం.
తెల్లారింది. పార వెళ్ళిపోయింది.
వాడి ధాన్యం వాడి ఇంటికి చేరింది.
నేను పొట్ట వదలడం మర్చిపోయాను.

ఇదేమీ ఆవిడకి చెప్పలేదు.
డొక్క కింద ఎక్కడో
తూముకి అడ్డంపడ్డ గుర్రపుడెక్క మోపు
కొసన కాస్త కదిలినట్టయింది.
గుడగుడమంది. సిగ్గుపడి లేవబోయాను.
"మాట్లాడనివ్వండి దాన్ని," అంది.

అయిదు వారాలు వెళ్ళాను.
ఒక బుధవారం సుఖంగా ఉంటుంది,
గురువారం మళ్ళీ బిగుసుకుంటుంది.
అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని
దాన్ని లేపేలా ఊపిరి పంపమంది, రోజూ పదిసార్లు.
నీళ్ళు తాగమంది.
గోదారి నీళ్ళకి కాపలా కాస్తూ
రోజుకి మూడు గ్లాసులు తాగేవాణ్ణి, చూడండి నా తెలివి!

నిన్న మధ్యాహ్నం చెల్లాయమ్మ
అడక్కుండానే పనసపొట్టు కూర వేసింది, గరిటె కొసతో.
నేనూ ఏమీ అనలేదు. కలుపుకున్నాను.

సాయంత్రం లాకుల దగ్గర
వాడు ఎదురొచ్చాడు, పార భుజాన.
"నీళ్ళెప్పుడన్నా?" అన్నాడు, మామూలుగానే.
పొట్ట దానంతటదే లోపలికి పోయింది.
పోయిందని తెలిసింది.
చక్రం మీద చెయ్యేసి కాసేపు ఆగి,
"ఇదిగో, వదుల్తున్నా," అన్నాను.