అతుకు

పదకొండేండ్లు అచ్చు అతికినదాన్ని.
పాత పడుగు కొసకు కొత్త పోగు ఆనిచ్చి
బొటనవేలికి బూడిద అద్దుకుని ఒక్క మెలి.
పడుగుకు నాలుగువేల ఎనిమిది వందల మెలికలు.
మరమగ్గాలొచ్చి మా వీధిలో గుంటలు పూడినాక
ప్రొద్దుటూరు పశువుల కాలేజీలో
సీసాలు కడిగే పనికి కుదిరినా.

ఇక్కడా పట్టే.
హిందూపురం నుంచి గోతాంలో వస్తాయి గూళ్లు.
సోడా నీళ్లలో అరగంట ఉడికిస్తా.
జిగురంతా వదిలి నీళ్లు గంజి మాదిరి అవుతాయి.
లోపలి పురుగు సంగతి ఎవురూ అడగరు.
చీరలప్పుడు నేనూ అడగలేదు.

తస్లీమా మేడం ఆ పట్టును
ఉప్పునీళ్లలో కరిగిస్తాది, గడ్డకట్టిస్తాది,
తడంతా పీల్చేసి నా చేతిలో పెడితే
బొరుగు కన్నా తేలిక.
వెలుతురుకు పట్టి చూడమనింది:
సన్నని గొట్టాలు, అన్నీ ఒకే దిక్కుకు పారే కాలవలు.
"ఇది పడుగే కద మేడం" అన్నా.
"పేక మాత్రం ఎద్దే నేసుకోవాల" అనింది.

ఎద్దు పేరు పుల్లోడు.
మైలవరం పెద్దోబులేసుది.
తిరునాళ్లలో బండ లాగేటప్పుడు
మలుపుకాడ రాయి ఎదురు తిరిగి
కుడి తొడలో దోసెడు కండ పెరుక్కపోయింది.
దోసెడంటే నా దోసెడు. గాయం కడిగింది నేనే.

చిన్న కోతయితే కండ తనంతట తానే పూడ్చుకుంటాదంట.
ఇంత గుంతయితే దిక్కు తెలీక
తెల్లటి మచ్చతో నింపేసుకుంటాది.
మచ్చ కప్పుతాది. లాగదు.

అందుకే గుంతలో పట్టు పెట్టినారు.
పట్టులో మందు.
సున్నాకు ఎనభై డిగ్రీలు కింద, చలిపెట్టెలో దాచిన
మూడు చుక్కలు. నా నాలుగు నెలల జీతం.
అది కండ కాదు, కండను చేయదు,
పిలుస్తాది, అంతే.
కండపోగుల అంచున ఏండ్లకేండ్లు
నిద్దరపోయే కణాలుంటాయంట,
వాటి చెవిలో తెల్లారిందని చెప్పే చుక్క.
ఒక్కసారిగా అరిస్తే ఉలిక్కిపడి చెదిరిపోతాయి,
కాబట్టి పట్టు పిసినారి మాదిరి
రోజుకింత, రోజుకింత వదులుతాది.

మూడు వారాలు పెద్దోబులేసు వరండాలోనే పండుకున్నాడు.
సద్దిమూట, బీడీకట్ట, పొద్దున్నే ఒకే మాట:
"మళ్లా బండ లాగుతాడా?"
నన్నడిగినాడు, వాచ్‌మన్‌ను అడిగినాడు,
ఒకనాడు ఎద్దునే అడగంగ విన్నా.

ఐదో వారం గోరంత ముక్క తీసి
గాజుపలక మీద పెట్టి మేడం నన్ను పిలిచింది.
సగం మచ్చే.
అబద్ధమెందుకు, సగం మచ్చే.
మిగిలిన సగంలో ఎర్రని పోగులు,
కొన్ని వరసగా, కొన్ని చిక్కుపడి,
అతకడం నేర్చుకునే పిల్ల
మొదటి రోజు చేసిన పని మాదిరి.
పట్టు అప్పటికే కరిగిపోతా ఉండాది.

"లాగకపోతే ఈ పోగులు దారి పట్టవు.
లాగించండి. బండ కాదు" అనింది మేడం.
పెద్దోబులేసు బిత్తరపోయినాడు.
వాళ్ల తాత కాలం నుంచి ఆ ఇంట్లో
బరువంటే పందెం.
బరువు మందని ఎవురు చెప్పినారు వానికి?

సోమవారం ఖాళీ బండి కట్టినాడు.
ఆపై వారం బండినిండా శెనక్కాయ పొట్టు.
టీ అంగడికాడ నగినారు,
పద్దెనిమిది క్వింటాళ్లు లాగినోడు
పొట్టు లాగుతాండాడు చూడండప్పా అని.
వాడు పలకలేదు. పగ్గం వదులుగా పట్టుకుని
ఎద్దు ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా నడిచినాడు.

గేటుకాడ స్పీడు బ్రేకరు.
చక్రం ఎక్కేటప్పుడు తొడ మీద చెయ్యేసి చూసినా.
మచ్చ కదల్లేదు.
దాని అంచున, వెంట్రుకలింకా మొలవని చోట
సన్నగా ఏందో బిగిసింది,
వదిలింది,
మళ్లా బిగిసింది.
నా బొటనవేలు
అదంతట అదే చూపుడువేలి మీద తిరిగింది
బూడిద కోసం.