ఈసీజీ కాగితం వెనుక

నైట్ డ్యూటీ దిగే యాళ్లకు
పాత ఈసీజీ కాగితం తిప్పి
రాసుకున్న, ఇంకేం కావొచ్చునో.

జర్మనీ. ఎలీషమ్మ సిస్టర్ పోయింది,
మంచుల నిలబడ్డ ఫొటో పంపింది.
డయాలసిస్ యూనిట్. రాత్రులు ఉండయి.
పాలమూరు నర్సింగ్ కాలేజీల పాఠాలు.
చెయ్యి పట్టంగనే తెలిసేదాన్ని
చాక్‌పీసుతోని ఎట్ల చెప్పుడు?

మర్రిగూడ దిక్కు తిరిగే పాలియేటివ్ వ్యాన్.
వంగిపోయిన ఎముకల ఇండ్లకు
మార్ఫిన్ సీసా, ఇంత తీరిక మోసుకపోవుడు.
"ఆడ ఎవర్నీ బతికియ్యరు గదా"
అన్నడు డ్యూటీ డాక్టర్.
నేనేం అనలే.

తొమ్మిదేండ్లల్ల ఆరో బెడ్డు మీదికెల్లి
ఎందరు లేచి నడిచిన్రో యాదికి లేదు.
చిట్యాల రోడ్డు మీద పడ్డ లారీ క్లీనర్ సైదులు
నోట్ల గొట్టంతోని, వేలుతోని
నా అరచేతిల రాసిన రెండక్షరాలు మాత్రం:
ఇల్లు.

కుక్కర్ కూత పెడితే
ఇప్పటికీ గోడ దిక్కు చూస్త, మానిటర్ కోసం.

క్లాక్ టవర్ కాడ చాయ్ చల్లారుతుంటే
కాగితం మళ్ల తీసిన.
ఎవరిదో గుండె గీత సగం మాసింది.
వెనుక నా రాత అట్లనే ఉంది.
మూడు కొట్టేసిన.
నాలుగోదాని కింద పెన్ను ఆగింది,
చాయ్ మరక పడ్డది.