బెట్టహలసూరు గుంత

గేటుకు తాళం ఉంది, కంచెకు లేదు.
అడుగున పచ్చనీళ్లు. లోతెంతో చూద్దామని
హనుమేషు రాయి వేశాడు;
చప్పుడు తాపీగా వచ్చింది.

రాతిగోడ పొడుగునా ఉలి బెజ్జాలు.
ఒక్కోదాంట్లో వేలు పెడుతూ నడిచాను.
పదిహేడోది సగమే తొలిచి ఉంది.
ఆ పూట కూలి అందలేదో,
కోర్టు కాగితమే వచ్చిందో.

"బెంగుళూరు మేడలు ఏ భాషైనా మాట్లాడనీ,
పునాదిరాయి మూలిగేది తెలుగులోనే"
అనేది మా గంగులవ్వ,
కాయలు కాసిన అరచేతుల్ని చీరకు తుడుచుకుంటూ.

నెత్తిమీది విమానం పోయేదాకా ఆగి
ఆమె నేర్పిన పాత కేక వేశాను:
"మందు పెట్టినాం, తప్పుకోండో!"

"కోండో... కోండో..." అంది ఎదుటి గోడ.

ఇద్దరం
నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాం.