తలుపు తీసిన గూళ్ళు

ఆవు చచ్చి రెండు పూటలైంది.
గొబాబిస్ నుంచి డాక్టరు రాలేదు, నన్ను పంపాడు.
కత్తి, చేతి తొడుగులు, మూడు కాగితాల ఫారం.

వెకూయి టోపీ తీసి చేతుల్లో తిప్పుతున్నాడు.
"మేసింది. నీళ్ళు తాగింది.
నెమరు మాత్రం మానేసింది" అన్నాడు,
ఇంట్లో అలిగిన మనిషి సంగతి చెప్పినట్టు.

పొట్ట కోశాను.
గడ్డి లేదు.
బూడిదరంగు ముద్ద ఒకటి, తలగడంత.
లాగితే తెగదు, కోస్తే కత్తికే చుట్టుకుంటుంది.
కడిగి ఎండలో పట్టి చూశాను:
పట్టు.

కరువులో ఒంటెతుమ్మల కింద
కాయలతో పాటు గూళ్ళూ రాలతాయి.
ఆకలికి రెండూ ఒకటే.
అరగని దారం లోపల్లోపలే పేనుకుని
దారి మూసేస్తుంది.
ఆ చిమ్మట పేరు గోనోమెటా.
ఫారంలో రాయడానికి తెలుసు నాకు, అంతే.

వెకూయి కంచె అవతలికి కబురంపాడు,
ఇరవై ఏళ్ళుగా లోపలికి అడుగు పెట్టనివ్వని
చూకో కోసం.

వచ్చింది. భుజాన తోలుసంచి, వెనక మనవడు డాబే.
"నా చెట్ల మీది గూళ్ళన్నీ ఏరుకుపో.
ఒక్కటి మిగలకూడదు. డబ్బిస్తాను."

ముసలామె కొమ్మ వంచింది.
ముళ్ళ మధ్య వేలెడు గూడు,
దాని నూగు తగిలితే మూడు రోజుల దురద.
ఆకుతో పట్టి, చెవి దగ్గర ఊపింది,
గుడ్డు మంచిదో మురిగిందో చూసినట్టు.
"లోపల మనిషుంది" అని వదిలేసింది.
ఇంకో కొమ్మ. గూటి కొసన గోరంత కన్నం.
"ఇది తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.
ఇది నాది."

"ఉన్నవాటినీ తింటాయి కదా నా ఆవులు!"
"తింటాయి."
"మరి?"
"ఇల్లు ఖాళీ చెయ్యమని
నేనెవరికీ చెప్పను" అంది,
అతని వైపు కాదు, కంచె వైపు చూస్తూ.

వెకూయి టోపీ పెట్టుకున్నాడు.

పొద్దుగూకేదాకా ఏరింది.
డాబే లెక్కపెట్టి, తప్పి,
మళ్ళీ మొదట్నుంచి.

బండి టైరు పగిలి ఆ రాత్రి వాళ్ళ మంట దగ్గరే పడుకున్నాను.
గూళ్ళలో నిప్పుకోడి గుడ్డుపెంకులు పోసి
నరంతో వరసగా కుట్టి
మనవడి పిక్కలకి చుట్టింది.
వాడు అడుగేస్తే
ఎండుటాకుల మీద చినుకులు.
రెండుసార్లు ఉలిక్కిపడి లేచి ఆకాశం చూశాను.
రెండోసారి లేచినప్పుడు
కంచె దగ్గర వెకూయి,
తనూ పైకే చూస్తున్నాడు.

తెల్లారగట్ల లాంతరు మీద ఒకటి వాలింది,
గోధుమరంగుది, రెక్కల్లో గాజుపెంకు కిటికీలు.
దానికిక తినే నోరు లేదు.
పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే
ఈ నాలుగు రోజుల దారిబత్తెం.

ఫారంలో "మరణ కారణం" ఎదురుగా
ఆకలి అని రాశాను. కొట్టేశాను.
పట్టు అని రాశాను.
డాక్టరు చూస్తే నవ్వుతాడు.

ముద్ద ఇంకా బండి వెనకే ఉంది,
పొట్ట వాసన వదలకుండా.
ఎవరికివ్వాలో తెలియలేదు.